లీవ్ లెటర్‌లో జ్వరం

మడకశిర చుట్టుపక్కల హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ ఒక వింత చూశాను. మన పిల్లలకు తెలుగులో దగ్గొస్తుంది, కడుపు నొస్తుంది, కాలు బెణుకుతుంది, అవ్వకు బాగాలేక ఊరికి పోవలసి వస్తుంది. ఇంగ్లీషులో మాత్రం అందరికీ ఒకటే రోగం. జ్వరం. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని మొదలయ్యే ఆ లీవ్ లెటర్ నాకు మా సార్ నేర్పినారు. ఆయనకు వాళ్ల సార్ నేర్పి ఉంటారు. తాతల నాటి ఆస్తి లాగా అది చేతులు మారుతూ వస్తోంది.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లోడికి అక్క పెళ్లి వచ్చింది. మూడు రోజులు సెలవు కావాలి. పాత ఉత్తరమే తీసుకుని, 'ఫీవర్' ఉన్నచోట 'మై సిస్టర్స్ మ్యారేజ్' అని పెట్టి ఇచ్చాడు. అక్క పెళ్లితో బాధపడుతున్నాను గనుక సెలవు ఇప్పించగలరు అన్నట్టయింది. స్టాఫ్ రూములో అందరం పడీపడీ నవ్వుకున్నాం. ఇంటికి పోయే దారిలో మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చదివిన పిల్లోడి దగ్గర ఉన్నది ఒక్క అచ్చు. అందులో ఏం పోసినా జ్వరంలాగే బయటికి వస్తుంది. వాడు పెళ్లి గురించి ఇంగ్లీషులో ఒక్క ముక్క కూడా ఎక్కడా చదివి ఎరగడు. చదవనిది ఎట్లా రాస్తాడు?

అమ్మల్లారా, నాయనల్లారా, ఈ నాలుగు మాటలు ఆ దారిలో మొదలైనవే.

ఆకు వేయకుండా గూడు కట్టమంటామా?

పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు మీరు అడిగేది దాదాపు ఒకటే ఉంటుంది. "సార్, మావోడు ఇంగ్లీషు చదువుతాడు గానీ సొంతంగా నాలుగు లైన్లు రాయమంటే పెన్ను కదలదు. గ్రామర్ ట్యూషన్ పెట్టించేదా? ఏ గైడు కొనేది?" మీ ఆరాటం నాకు తెలుసు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చింది, ఇటు పోతే బెంగళూరు ఉంది. ఎక్కడ ఇంటర్వ్యూకు పోయినా ఇంగ్లీషే అడుగుతారని మీ భయం. భయం సరైనదే. మందే వేరు.

పట్టుపురుగులు పెంచే ఇళ్లు మన ఊళ్లకు కొత్త కాదు గనుక ఆ మాటల్లోనే చెబుతాను. పురుగు గూడు కట్టడానికి పట్టేది రెండు మూడు రోజులు. దానికి ముందు మూడు నాలుగు వారాలు తినడమే దాని పని. నాలుగుసార్లు జ్వరానికి పోతుంది, అంటే కుబుసం విడవడానికి మేత మానుతుంది, నాలుగుసార్లు లేస్తుంది. నాలుగో జ్వరం లేచినాక దాని ఆకలి చూడాలి. జన్మలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు ఆ చివరి వారంలోనే నమిలేస్తుంది. అప్పుడు రాత్రీ పగలూ తేడా లేకుండా మీరు మల్బరీ కోసి తెస్తూనే ఉంటారు. ఆ తర్వాతే గూడు కట్టే తట్టలోకి, చంద్రికలోకి ఎక్కిస్తారు. అప్పుడు ఆ చిన్న ప్రాణి నోట్లోంచి కిలోమీటరుకు అటూ ఇటూ పొడవున్న దారం వస్తుంది. ఆకు వేయకుండా పురుగును చంద్రికలో పెట్టి 'కట్టు గూడు' అని గదమాయించే రైతును నేనైతే చూడలేదు.

ఇంగ్లీషు రాయడం దగ్గర మనం చేస్తున్నది అదే. ఏడాదికి ఒక పాఠ్యపుస్తకం, అందులోనూ పరీక్షకు వచ్చే ప్రశ్నలు. అంతే వాళ్లు తిన్న ఆకు. ఆ మీదట 'ఒక వ్యాసం రాయి, ఒక డైరీ రాయి' అంటాం. కడుపులో లేని దారం ఎక్కడి నుంచి తీస్తారు? గైడులోది ఎక్కించుకుని వచ్చి దించుతారు.

ఒక మేక, మూడు చిక్కులు

గ్రామర్ రూల్సు నేర్పితే చాలదా అని అడుగుతారు. ఒక చిన్న మాట తీసుకుందాం. 'నేను నిన్న సంతలో మేకను కొన్నాను.' దీన్నే ఇంగ్లీషులో 'ఐ బాట్ ఎ గోట్ ఇన్ ద మార్కెట్ ఎస్టర్‌డే' అంటాం.

తెలుగులో 'కొన్నాను' అన్నది చివర వస్తుంది. ఏం చేశామో చెప్పే మాట వచ్చేదాకా వినేవాడు ఆగాలి. ఇంగ్లీషులో అది 'నేను' వెనకాలే వచ్చి కూర్చుంటుంది. ఇది మొదటి చిక్కు. రెండోది, మనం 'సంత' అన్న తర్వాత 'లో' తగిలిస్తాం. వాళ్లు 'లో'ను ముందు పెట్టి సంతను తర్వాత పెడతారు. ఇక మూడోది, మేక ముందర ఉన్న ఆ 'ఎ'. మన భాషలో దానికి సాటి మాటే లేదు. మేక అంటే మేకే. వాళ్లకు ఫలానా మేకనా, ఏదో ఒక మేకనా అన్నది ప్రతిసారీ తేల్చి చెప్పాలి.

ఇంట్లో కన్నడం మాట్లాడినా ఈ మూడు చిక్కులూ ఇట్లాగే ఉంటాయి. ఒక్క మేకను కొనడానికి పిల్లోడు మూడు రూల్సు గుర్తు పెట్టుకోవాలంటే, సంత అయిపోయి అందరూ ఇళ్లకు పోయినా వాడి లైను పూర్తి కాదు. అదే 'ఎ గోట్', 'ఎ బాయ్', 'ఇన్ ద మార్కెట్', 'ఇన్ ద రివర్' అన్నవి కథల్లో వంద చోట్ల కంటపడితే చేయి దానంతటదే రాస్తుంది. 'గోట్' ముందు 'ఎ' లేకపోతే కూరలో ఉప్పు లేనట్టు నోటికే తెలుస్తుంది. రూలు ఆ తర్వాత చెప్పండి, టక్కున పట్టుకుంటాడు.

మన మడకశిరకు మూడు దిక్కులా కర్ణాటకే. హేమావతిలో నొళంబ రాజులు వేయించిన శాసనాలు కన్నడంలో ఉన్నాయి. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలు మన ఊళ్లలో ఎంతమందో. ఈ రెండు భాషల వ్యాకరణం వాళ్లకు ఎవరు నేర్పినారు? ఎవరూ నేర్పలేదు. జేజి కథ చెబితే విన్నారు, మేనత్త తిడితే విన్నారు, వీధిలో ఆటలాడుతూ విన్నారు. ఇంగ్లీషుకు మన ఊళ్లో జేజి లేదు, మేనత్త లేదు. ఆ లోటు తీర్చేది పుస్తకమే.

దొర ముందు చదివింది పద్యాలే

సి.పి. బ్రౌన్ పేరు మీరు వినే ఉంటారు. ఇక్కడికి వచ్చేనాటికి తెలుగు తెలియని ఆంగ్లేయుడు. 1817లో మద్రాసుకు వచ్చాడు, 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. తెలుగు పట్టుబడాలని వేమన పద్యాల తాళపత్రాలు వెతికించి, ప్రతులు రాయించి, పండితులను పక్కన కూర్చోబెట్టుకుని చదివాడు. 1829లో ఆ పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. ఆయన తెలుగు వ్యాకరణం వచ్చింది 1840లో, తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది 1852లో. ఈ వరుస చూడండి. ముందు పద్యాలు, తర్వాత వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు. మన భాషకు వ్యాకరణం రాసిన పరాయి దేశస్థుడే, అది రాయకముందు పద్యాలు చదివాడు. ఆ వేమన సమాధి మన జిల్లాలోనే, కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది. మన పిల్లలు పోవలసింది బ్రౌన్ పోయిన దారినే, ఎదురు దిక్కుగా.

ఇది నా ఒక్కడి నమ్మకం అనుకోవద్దు. ఫిజీ దీవులని ఉన్నాయి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా అక్కడి చెరకు తోటలకు పోయిన కూలీలలో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి పిల్లలు ఇంట్లో ఫిజియనో హిందీయో మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు చదువుతారు. మన కథే. 1980ల మొదట్లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయి అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి పల్లె బడుల్లో నాలుగు, ఐదు తరగతులకు ఒక్కో గదికి 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చారు. కొన్ని తరగతుల్లో టీచరు చదివి వినిపించి మాట్లాడించేవారు. కొన్నింట్లో పిల్లలే రోజూ కొంతసేపు నిశ్శబ్దంగా చదువుకునేవారు. మిగతా బడులు మామూలు పాఠ్యపుస్తకంతోనే నడిచాయి. మొదటి ఏడాదిలో కథలు చదివిన పిల్లల చదువు మెరుగుపడింది. రెండో ఏడాదికి ఆ లాభం రాతలోకి కూడా పాకింది. రాయడం కోసమని వాళ్లకు ప్రత్యేకంగా ఏ మందూ వేయలేదు.

రెండో ఏడాది అన్న మాట మరిచిపోవద్దు. రాత ఆలస్యంగా వస్తుంది. జ్వరంలో ఉన్న పురుగు తల పైకెత్తి కదలకుండా ఉంటుంది, ఆకు ముట్టదు. దాన్ని కదిలిస్తే పాడవుతుందని మీకు తెలుసు. చదువుతూ ఉండి ఇంకా రాయని పిల్లోడూ అంతే. 'మూడు నెలలాయె, ఇంకా ఏమీ రాలేదే' అని పొడవవద్దు.

మీకు ఇంగ్లీషు రాకపోయినా సరే

ఒక తల్లి నాతో అన్నది: "నాకు వేలిముద్రే కదా సార్, నేనేం నేర్పేది?" నేర్పవద్దమ్మా, విను చాలు అన్నాను. ఎట్లాగో చెబుతాను.

సాయంత్రం ఇరవై నిమిషాలు కేటాయించండి. ఫోను పక్కన పెట్టించి, పిల్లను పైకి చదవమనండి. మీరు చింతపండు గింజ తీస్తూనో, బియ్యం ఏరుతూనో వినండి. అయ్యాక తెలుగులోనో కన్నడంలోనో మూడు ప్రశ్నలు అడగండి: "ఏం జరిగింది? వాడట్లా ఎందుకు చేసినాడు? నువ్వయితే ఏం చేసేదానివి?" ఈ మూడోది అడిగినప్పుడు పిల్ల ఆలోచనలో పడుతుంది. సొంతంగా రాయడం అక్కడే మొదలవుతుంది. 'నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు' అనడానికి సిగ్గుపడవద్దు. అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పవలసి వస్తేనే తనకు ఎంత అర్థమైందో పిల్లకు తెలుస్తుంది.

పుస్తకం తేలికగా ఉండాలి. దీనికి వేళ్ల లెక్క ఒకటుంది. ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోగా ఐదు వేళ్లూ ముడుచుకుపోయి ఇంకా మిగిలితే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. నూటికి 98 మాటలు తెలిసి ఉంటేనే ఎవరి సాయమూ లేకుండా కథ సాఫీగా అర్థమవుతుందని భాషా పరిశోధకుల లెక్క. 250 మాటలున్న పేజీలో ఐదు మాటలంటే అదే. తొమ్మిదో తరగతి పిల్లోడు మూడో తరగతి కథ చదివితే పరువు తక్కువేమీ కాదు. చాకీ దశలో ఉన్న చిన్న పురుగుకు లేత ఆకే కోసి వేస్తాం గదా, ముదురాకు వేయం.

చదవడం అలవాటయ్యాక ఒక చిన్న నోటుబుక్కు ఇవ్వండి. రోజుకు ఒక్క వాక్యం, నచ్చినది, చూసి రాసుకోవాలి. ఎందుకు నచ్చిందో మీకు చెప్పాలి. నెలకు ముప్పై వాక్యాలు. అన్నీ మంచి చేతులు రాసినవే.

ఆ తర్వాతిది పుస్తకం మూసి రాయడం. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అని ఒక అచ్చుపనివాడు ఉండేవాడు, తర్వాత పెద్ద రాజనీతిజ్ఞుడయ్యాడు. పదేళ్లకే బడి మానేశాడు. పిల్లోడిగా ఉన్నప్పుడు ఒక పత్రికలోని వ్యాసం చదివి, ఒక్కో వాక్యానికీ ఒకటి రెండు గుర్తు మాటలు రాసుకుని, కొన్ని రోజులు పక్కన పెట్టేవాడట. తర్వాత ఆ గుర్తులు చూసి తన మాటల్లో వ్యాసం మొత్తం రాసి, అసలుతో పోల్చి, తన తప్పులు తనే దిద్దుకునేవాడట. తన జీవితకథలో ఆయనే చెప్పుకున్నాడు. ఈ పద్ధతికి ట్యూషన్ ఫీజు లేదు. దిద్దే మాస్టారు పుస్తకమే గనుక మీకు ఇంగ్లీషు రాలేదన్న అడ్డూ లేదు.

చివరిది మార్చి రాయడం. ఇప్పుడు పదో తరగతి పిల్లలు చదువుతున్న 'ఫస్ట్ ఫ్లైట్' పుస్తకంలో మొదటి పాఠం 'ఎ లెటర్ టు గాడ్'. మెక్సికో రచయిత రాసిన కథ. లెంచో అనే రైతు వాన కోసం ఎదురుచూస్తుంటాడు. వాన వస్తుంది. ఒక్కో చినుకూ అతనికి కొత్త నాణెంలా కనబడుతుంది. అంతలోనే వడగళ్లు పడి మొక్కజొన్న మొత్తం నేలపాలవుతుంది. మళ్లీ విత్తనం వేయడానికి 100 పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టుమాస్టరు అది చూసి మొదట నవ్వుతాడు, తర్వాత తన జీతంలోంచి కొంత తీసి, తోటివాళ్ల దగ్గర చందాలు పోగుచేసి 70 పెసోలు పంపుతాడు. లెంచో లెక్కపెట్టుకుని కోపంతో ఇంకో ఉత్తరం రాస్తాడు: మిగతాది కూడా పంపు స్వామీ, పోస్టులో మాత్రం పంపవద్దు, ఆ పోస్టాఫీసులో అందరూ దొంగలే అని.

చినుకు కోసం ఆకాశం చూసే నేల మీద పుట్టిన పిల్లలకు ఈ కథ విడమరిచి చెప్పే పని లేదు. నేను చేసిందల్లా ఒకటే. లెంచోను తీసేసి మన ఊరి రైతును పెట్టమన్నాను. మొక్కజొన్న బదులు వేరుశనగ. ఇంగ్లీషంటే బల్ల కిందికి దూరే ఒక పిల్లోడు ఆరోజు రాసిన ఉత్తరం ఇప్పటికీ గుర్తుంది. 'డియర్ గాడ్, డోంట్ సెండ్ మనీ. బ్యాంక్ విల్ టేక్ ఇట్. సెండ్ రెయిన్.' అంతే, మూడు ముక్కలు. ఏ గైడులోనూ దొరకవు. వాక్యం ఎట్లా నడవాలో లెంచో కథ చదివి పట్టుకున్నాడు. చెప్పవలసింది వాళ్ల నాయన అప్పు చూసి తెలుసుకున్నాడు.

ఎర్ర సిరా సంగతి

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి వాళ్ల అవ్వ గురించి సొంతంగా పది లైన్లు రాసి తెచ్చింది. నేను శ్రద్ధగా దిద్దాను. స్పెల్లింగు, టెన్సు, కామా, ఏదీ వదల్లేదు. పేజీ అంతా ఎర్రబడింది. నోటుబుక్కు తీసుకుని చూసుకుంది, ఏమీ అనలేదు. ఆ ఏడాదంతా నాకు గైడులో వ్యాసాలే రాసి చూపింది. ఒక్క తప్పు లేకుండా.

అవ్వ గురించి ఆ అమ్మాయి ఏం రాసిందో నాకు ఇప్పుడు ఒక్క మాట కూడా గుర్తు లేదు. అప్పుడూ చదవలేదేమో, దిద్దానంతే.

అందుకే చెబుతున్నాను. పిల్ల రాసింది చూపిస్తే ముందు విషయం అడగండి. "అవ్వ నిజంగా అట్లా అనిందా?" అనండి. నవ్వు వస్తే నవ్వండి. తప్పులు దిద్దగలిగిన అన్నో అక్కో ఇంట్లో ఉంటే, ఒక్కసారికి ఒక్క రకం తప్పే చూడమనండి. ఈ వారం 'హి గోస్' దగ్గర ఆ 'స్' మీద కన్ను వేస్తే చాలు, మిగతావి వచ్చే వారం చూసుకోవచ్చు. పక్కింటి కాన్వెంటు పిల్లతో మాత్రం పోల్చవద్దు. మన ఇంట్లో రెండు భాషలు నడుస్తున్నాయి, ఇంగ్లీషు మూడోది. మూడో బావి తవ్వేవాడికి కొంచెం టైమివ్వాలి.

పుస్తకాలు ఎక్కడివి?

మంచి ప్రశ్న. పది రూపాయలు కూడా లెక్క చూసుకుని ఖర్చు పెట్టే ఇళ్లు మనవి. ముందు ఇంట్లో ఉన్నవి చూడండి. 2020–21 నుంచి మన ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతులకు ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. తమ్ముడిదో చెల్లెలిదో పాతది ఉంటే తూకానికి వేయకండి. అర్థం కానిచోట పక్క పేజీ చూసుకోవచ్చు. డిక్షనరీ పని తప్పుతుంది.

ఫోను ఉన్న ఇల్లయితే ప్రథమ్ బుక్స్ వాళ్ల 'స్టోరీవీవర్' ఉంది, 2015లో మొదలైంది. డబ్బు కట్టనక్కర లేదు. కథలను నాలుగు మెట్లుగా విడగొట్టి పెట్టారు. వాటిలో చాలా కథలు తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో కూడా దొరుకుతాయి. ముందు ఇంటి భాషలో చదివి తర్వాత అదే కథ ఇంగ్లీషులో చదివితే సగం బరువు దిగుతుంది. నేషనల్ బుక్ ట్రస్టు, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు వాళ్ల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు వస్తాయి. పాత 'చందమామ' ఇంగ్లీషు సంచికలు, 'టింకిల్' ఎక్కడ కనబడినా వదలవద్దు. బొమ్మల కథలను చులకనగా చూడకండి, బొమ్మ చూసే పిల్ల మాట అర్థం చేసుకుంటుంది. కొంచెం పుంజుకున్నాక ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఇవ్వండి. 1935లో వచ్చిన నవల. ఆయన కథలతో శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్' సీరియల్ గుర్తున్న నాయనలు ఉంటారు, కథ వాళ్లే మొదలుపెట్టవచ్చు.

ఇంకొకటి. ఇంటి పన్నుతో పాటు మీరు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు, రూపాయికి 8 పైసల లెక్కన. కట్టిన డబ్బుకు పుస్తకం తెచ్చుకునే హక్కు మీది. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే పిల్లను తీసుకుపోయి సభ్యత్వం చేయించండి, పిల్లల ఇంగ్లీషు కథలు కావాలని అడగండి. అడిగేవాళ్లుంటేనే తెప్పిస్తారు. అదీ కుదరకపోతే వీధిలో పది ఇళ్లవాళ్లు తలా ఒక పుస్తకం కొని మార్చుకోండి. ఒక్కటి కొన్న ఖర్చుతో పది చదవవచ్చు.

'ఇదంతా బాగుంది సార్, పరీక్షలో మార్కులు రావద్దా?' అంటారు. పదో తరగతి ఇంగ్లీషు పేపరు తీసి చూడండి. చదవని పేరా ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. ఉత్తరం, డైరీ, సంభాషణ రాయమంటారు. బట్టీ కొట్టింది అక్కడ పనికొస్తే మంచిదే, ప్రశ్న కొంచెం పక్కకు జరిగిందంటే 'సఫరింగ్ ఫ్రమ్ మ్యారేజ్' అవుతుంది. రోజూ చదివే పిల్లకు కొత్త పేరా అంటే భయముండదు. గైడు కూడా ఉండనీయండి, పరీక్ష ముందు నెల రోజులు.

దొంగ ఎందుకు తిరిగొచ్చాడు?

పదో తరగతి ఉపవాచకంలో రస్కిన్ బాండ్ కథ ఒకటుంది, 'ద థీఫ్స్ స్టోరీ'. పదిహేనేళ్ల దొంగపిల్లోడు అనిల్ అనే రచయిత ఇంట్లో వంటకు చేరతాడు. వంట రాదు. అయినా అనిల్ వాణ్ని ఉంచుకుని, పేరు రాయడం నేర్పి, త్వరలో పూర్తి వాక్యాలు రాయడం కూడా నేర్పుతానంటాడు. ఒక రాత్రి పిల్లోడు పరుపు కింది నుంచి 600 రూపాయలు తీసుకుని పారిపోతాడు. స్టేషనులో రైలు ఎక్కడు, వానలో తడుస్తూ కూర్చుంటాడు. డబ్బు ఎప్పుడైనా దొంగిలించవచ్చు, వాక్యాలు రాయడం మాత్రం ఇంకెక్కడ దొరుకుతుంది అనిపిస్తుంది. వెనక్కి వచ్చి డబ్బు ఎక్కడిదక్కడ పెట్టేస్తాడు. తెల్లారి అనిల్ వాడి చేతిలో ఒక యాభై రూపాయల నోటు పెడతాడు. ఆ నోటు ఇంకా తడిగానే ఉంటుంది. దొంగతనం సంగతి అనిల్‌కు తెలిసిపోయిందన్నమాట. పల్లెత్తు మాట అనడు. ఈరోజు నుంచి వాక్యాలు మొదలుపెడదాం అంటాడు.

ఈ కథ పాఠంగా చెప్పినప్పుడల్లా పిల్లలు దొంగ వైపే చూసేవాళ్లు, నేను అనిల్ వైపు చూసేవాణ్ని. నోటు తడి చేతికి తెలిసినా తిట్టకుండా పాఠం మొదలుపెట్టే ఓపిక మనకుందా? మనింట్లో పిల్ల నోటుబుక్కు తెరిచి పెట్టినప్పుడు కావలసింది ఆ పాటి ఓపికే.

ఉద్యోగం చివరి ఏడాదిలో నా బల్ల మీదికి ఒక లీవ్ లెటర్ వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి. రెండేళ్లుగా క్లాసు అల్మారాలో ఉన్న కథల పుస్తకాలు ఒకటొకటిగా ఇంటికి తీసుకుపోయి చదివేది. రాసేది తక్కువ. ఉత్తరం తెరిచాను. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్' కోసం నా కన్ను అలవాటుగా వెతికింది. అది లేదు. ఇట్లా ఉంది:

'అవర్ సిల్క్‌వర్మ్స్ గాట్ అప్ ఫ్రమ్ ద ఫోర్త్ ఫీవర్. నౌ దే ఈట్ డే అండ్ నైట్. మై మదర్ ఈజ్ అలోన్. ప్లీజ్ గివ్ మి వన్ డే లీవ్.'

జ్వరం ఉందిలెండి ఆ ఉత్తరంలో కూడా. ఈసారి పురుగులకు. పురుగు జ్వరాన్ని ఇంగ్లీషులో 'మౌల్ట్' అంటారని మరునాడు ఆ అమ్మాయి బడికి వచ్చినాక చెప్పాను. ఉత్తరం మీద మాత్రం సంతకం ఒక్కటే పెట్టాను, నీలం సిరాతో.